గోదాము దాటాక టీకా ఎక్కడ ఆగిపోతోంది?

2021 డిసెంబరు ఒక్క నెలలోనే పేద దేశాలు 10 కోట్లకు పైగా కోవిడ్ టీకా డోసులను వద్దన్నాయి. యూరోపియన్ పార్లమెంటు ముందు ఈ లెక్క చెప్పింది యునిసెఫ్ సరఫరా విభాగం. అప్పటికి తక్కువ ఆదాయ దేశాల్లో కనీసం ఒక్క డోసు వేయించుకున్నవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. అందనివాళ్లే వద్దనడం వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణంలో వింతేమీ లేదు. వచ్చిన సరుకులో చాలావాటికి గడువు వారాల్లోనే తీరిపోయేది. విమానాశ్రయం నుంచి గోదాముకు, అక్కడి నుంచి జిల్లాలకు, జిల్లా నుంచి ఊళ్లకు చేర్చేలోపే కాలం చెల్లేది. ఆ డిసెంబరులోనే నైజీరియా గడువు తీరిన ఆస్ట్రాజెనెకా డోసులు 10 లక్షలకు పైగా ధ్వంసం చేసింది.

అంతకు కొద్దివారాల ముందు, నవంబరు 29న, ఆఫ్రికా టీకా కొనుగోలు ట్రస్టు, ఆఫ్రికా సీడీసీ (ఆ ఖండపు వ్యాధి నియంత్రణ సంస్థ), కోవాక్స్ (దేశాలకు కోవిడ్ టీకాలు పంచే అంతర్జాతీయ ఉమ్మడి వ్యవస్థ) కలిసి దాతలకు ఒక ప్రకటన ఇచ్చాయి. దేశంలో దిగేనాటికి టీకాకు కనీసం 10 వారాల గడువు మిగిలి ఉండాలి. సరుకు వస్తోందని కనీసం 4 వారాల ముందు కబురందాలి. సిరంజీలు, కలిపే ద్రావణం దానితోపాటే రావాలి. దానం ఎలా చెయ్యాలో పుచ్చుకునేవాళ్లే దాతకు నేర్పవలసి వచ్చిందన్నమాట.

ప్రవాస సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ పాఠాన్ని ఇంకా సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మహమ్మారి వచ్చిందనగానే మొదట పుట్టే ఆలోచన 'మనమే డోసులు కొని పంపుదాం' అన్నది. అది కుదరని పని. కుదిరినా అక్కడ మన డబ్బుకు దక్కే ఫలితం తక్కువ. కొరత ఉన్న నెలల్లో కంపెనీలు ప్రభుత్వాలతోనూ వాటి ఉమ్మడి కొనుగోలు వ్యవస్థలతోనూ తప్ప బేరమాడవు. సంస్థలకు నేరుగా డోసులు చేర్చే ప్రయత్నం ఒకటి జరిగింది కూడా. కోవాక్స్ తన డోసుల్లో 5 శాతం దాకా మానవతా నిల్వగా పక్కనబెట్టింది. ప్రభుత్వాల చెయ్యి చేరని యుద్ధ ప్రాంతాల్లో, శరణార్థి శిబిరాల్లో స్వచ్ఛంద సంస్థలే వాటిని వేయాలన్నది ఉద్దేశం. టీకావల్ల హాని జరిగిందని ఎవరైనా దావా వేస్తే ఆ ఖర్చు తాము భరిస్తామని తీసుకునేవాళ్లు పూచీ ఇవ్వాలని కంపెనీలు పట్టుబట్టడంతో ఆ ఆలోచనకు గండిపడింది. వెనక ఖజానా ఉన్న ప్రభుత్వం అలాంటి పూచీ ఇవ్వగలదు, విరాళాలమీద బతికే సంస్థ ఇవ్వలేదు. ఆ నిల్వనుంచి తొలి సరుకు కదిలేసరికే 2021 నవంబరు వచ్చింది.

కాబట్టి డోసు సంగతి ప్రభుత్వాలకు వదిలి, గోదాముకూ భుజానికీ మధ్య ఉన్న దూరాన్ని మనం పట్టించుకోవాలి. అక్కడ చిన్న మొత్తాలు కూడా పెద్ద పని చేస్తాయి. అసమానత ఎక్కువగా పుట్టేదీ అక్కడే.

ఒక రోజు టీకా శిబిరాన్నే తీసుకోండి. పేరు సరిచూడటం, ఆరోగ్య ప్రశ్నలు, సూది, నమోదు అన్నీ కలిపి ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పడితే ఒక బల్ల దగ్గర గంటకు 15 మంది. విరామాలు తీసేస్తే రోజుకు నూరుమంది. సూది వేశాక అరగంట కూర్చోబెట్టాలంటే ఆ ఒక్క బల్లకే ఎప్పుడూ ఎనిమిది కుర్చీలు కావాలి. రెండు బల్లలు పెట్టి ఎనిమిది కుర్చీలే వేసిన శిబిరంలో పదకొండు గంటలకల్లా జనం గుమ్మంలో కిక్కిరిసిపోతారు, విసిగి ముందుగా ఇంటికి వెళ్లిపోయేది ముసలివాళ్లే. వాడిన సిరంజీలు వేసే 5 లీటర్ల సేఫ్టీ బాక్సులో సుమారు నూరు పడతాయి. అంటే బల్లకు రోజుకొకటి, ఒకటి అదనంగా. అలర్జీ వస్తే ఇవ్వాల్సిన అడ్రినలిన్ కిట్టు, దాన్ని వాడటం తెలిసిన మనిషి లేకుండా శిబిరం తెరవకూడదు. ఇక్కడ సర్దుబాటుకు చోటు లేదు.

సిరంజీల్లోనూ తిరకాసు ఉంది. ఫైజర్ పెద్దల డోసు 0.3 మిల్లీలీటర్లు. మామూలు టీకాలకు వాడే ఆటో డిసేబుల్ సిరంజి (ఒకసారి వాడాక మళ్లీ పనిచేయనిది) 0.5 మిల్లీలీటర్లది. 2021లో వాడిన వయల్‌లో (మందు సీసాలో) 1.8 మిల్లీలీటర్ల సెలైన్ కలపడానికి వేరే సిరంజి కావాల్సి వచ్చేది. ఆ వయల్‌లో చివరిదైన ఆరో డోసు బయటికి రావాలంటే సూది మొదట్లో మందు మిగిలిపోని రకం సిరంజి కావాల్సి వచ్చేది. అది లేకపోతే ఆ డోసు వయల్‌లోనే ఉండిపోయేది. 2022లో ఆటో డిసేబుల్ సిరంజీలకు 220 కోట్ల దాకా కొరత రావచ్చని యునిసెఫ్ ముందే హెచ్చరించింది. డోసుల వార్తలు మొదటి పేజీల్లో వచ్చాయి, సిరంజీల వార్త ఎంతమంది చదివారో చెప్పలేం. సంఘాలు పోటీపడి కొనాల్సింది ఇలాంటి సరుకు. అదైనా జిల్లా అధికారుల్ని అడిగి, ఏ టీకా వస్తోందో తెలుసుకున్నాకే.

ఫ్రిజ్‌లు విరాళమివ్వాలనే ఉత్సాహం మరొకటి. ఇంట్లో వాడే ఫ్రిజ్ దీనికి పనికిరాదు. తలుపు తీసినప్పుడల్లా లోపల వేడి మారుతుంది, ఫ్రీజర్ పక్కన సున్నా కిందికి దిగుతుంది. అల్యూమినియం కలిసిన టీకాలు ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనిచేయవు, పైపైన చూస్తే మాత్రం ఆ తేడా తెలియకపోవచ్చు. టీకాలకోసం చేసిన ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ (లోపలి గోడల్లో మంచు పొర ఉండే ఫ్రిజ్) కరెంటు పోయినా కనీసం 20 గంటలు చల్లదనం నిలుపుతుంది. కొంటే అది కొనాలి, లేకపోతే మానేయాలి. ఐస్ ప్యాక్‌లనూ ఫ్రీజర్‌నుంచి తీసి నేరుగా టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడ్డాకే పెట్టాలి. వలంటీర్లకు ఈ ఒక్కటి నేర్పితే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకా దారిలో గడ్డకట్టకుండా చేరుతుంది.

ఇక వృథా లెక్క. పది డోసుల వయల్ తెరిచాక చాలా రకాల టీకాలకు ఆరుగంటలే ఆయుష్షు. 73 మంది వస్తే ఎనిమిది వయళ్లు తెరవాలి, ఏడు డోసులు మిగులుతాయి. వాటికోసం ఇరవై నిమిషాల్లో రాగల పదిమంది ఫోన్ నంబర్లు ముందే రాసుకోవాలి. ఆ జాబితాను అర్హుల వరుసలోనుంచి తయారుచేయాలి. నిర్వాహకుల బంధువులతో నింపితే దాని పేరు వేరు. డోసులు దొరకని నెలల్లో ఈ జాగ్రత్త ప్రాణంతో సమానం. సరఫరా పెరిగాక లెక్క తిరగబడుతుంది. కొండెక్కి దిగి వచ్చిన ఒక్క ముసలమ్మకోసం వయల్ తెరవాల్సిందే, తొమ్మిది డోసులు పోయినా సరే. వృథా శాతం తక్కువగా చూపించుకోవాలనే తాపత్రయంలో 'పదిమంది అయ్యాక రండి' అని తిప్పిపంపితే ఆమె మళ్లీ రాదు. నివేదికలో ఆ మనిషి ఎక్కడా కనపడదు కూడా.

మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి వేసేటప్పుడు ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. అరగంట గమనించడం, దారి పది నిమిషాలు కలిపి ఇంటికి 40 నిమిషాలు అనుకున్నా ఆరు గంటల్లో తొమ్మిది ఇళ్లే. దారి ఎక్కువైతే ఆరే. వయల్ పూర్తికాదు. అందుకే ప్రతి ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు, అర్హులైన పక్కింటివాళ్లకు కూడా అదే పూట వేసేలా జాబితా కట్టాలి. తెరిచిన వయల్‌ను బండిలో తిప్పవచ్చో లేదో కూడా ముందు చూసుకోవాలి, అన్ని టీకాలకూ అది కుదరదు.

ఎవరికి అందడం లేదు అన్నది అసలు ప్రశ్న. 2021 మే 1న భారత్‌లో 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు టీకా తెరిచినప్పుడు ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్, చురుకైన వేళ్లు ఉన్నవాళ్లు స్లాట్లు తన్నుకుపోయారు. సుప్రీంకోర్టు ఈ డిజిటల్ అంతరం గురించి ప్రభుత్వాన్ని నిలదీసింది. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడ నమోదుకు అనుమతి వచ్చింది మే 24న. గుర్తింపు కార్డు లేనివాళ్లకు, ఫోన్ లేనివాళ్లకు సహాయకుడొకరి ద్వారా టీకా వేసే పద్ధతి మాత్రం అంతకుముందే, మే 6న, ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా ఇచ్చింది. సంచార జాతులు, ఖైదీలు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు, రోడ్డుపక్క బిచ్చమెత్తేవాళ్లు అందరూ దాని కిందికి వచ్చారు. కాగితంమీద ఉన్న ఇలాంటి వెసులుబాటును వెతికి పట్టుకుని, జిల్లా అధికారి బల్లమీద పెట్టి 'వీళ్లు 140 మంది, ఫలానా చోట ఉన్నారు, ఫలానా పూట దొరుకుతారు' అని చెప్పడం సంస్థలు చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది. దానికి కావలసింది డబ్బుకన్నా పేట పేటా తిరిగి లెక్క రాసే మనుషులు.

శిబిరం వేళలు కూడా అంతే. పగటి పది నుంచి నాలుగు దాకా పెడితే రోజుకూలీకి ఆ రోజు కూలి పోతుంది, మర్నాడు జ్వరమొస్తే ఇంకో రోజు కూలి పోతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పెట్టాలి, సగం స్లాట్లు ముందస్తు నమోదు లేకుండా వచ్చేవాళ్లకు వదలాలి. 'ఏమీ కాదు' అని మాత్రం చెప్పకూడదు. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చని ముందే చెబితే వచ్చినప్పుడు భయపడరు. చెప్పకపోతే ఆ జ్వరమే పేటంతా పుకారై తిరుగుతుంది.

విజయాన్ని కొలవడంలో మన సంఘాలకు ఒక దురలవాటు ఉంది. 'మొత్తం 5,000 డోసులు వేయించాం' అని ఫొటోతో వేస్తారు. రెండు పేటల్లో ఒకదాంట్లో 80 శాతం, ఇంకోదాంట్లో 40 శాతం మందికి పడ్డాయనుకుందాం. మరో వెయ్యి డోసులు మొదటి పేటకే పోతే మొత్తం పెరుగుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. ప్రతి వారం రాయాల్సిన అంకె ఆ తేడా. అది తగ్గకపోతే వచ్చే వారం బల్ల ఎత్తి రెండో పేటలో వెయ్యాలి.

సభ్యుల తల్లిదండ్రులకు ప్రత్యేక శిబిరం అన్న మాట ప్రతి సంఘంలోనూ వస్తుంది. వయసును బట్టి వాళ్లు అర్హులే కావచ్చు, ప్రేమ కూడా సహజమే. కానీ కొరతలో ఉన్న టీకాను పరిచయం ఉన్నవాళ్లకోసం పక్కకు తిప్పడాన్ని సేవ అనలేం. పెరూలో 2021 ఫిబ్రవరిలో, ప్రయోగాలకోసం వచ్చిన డోసుల్లోంచి 487 మంది రహస్యంగా వేయించుకున్నారని బయటపడింది. ఆరోగ్య, విదేశాంగ మంత్రులు దిగిపోవలసి వచ్చింది. సంఘం స్థాయిలో మంత్రులు లేరు గానీ పోయే నమ్మకం అలాంటిదే. నిర్వాహకులకు, దాతలకు, వాళ్ల కుటుంబాలకు వరుసలో ముందు చోటు ఉండదని మహమ్మారి లేని రోజుల్లోనే కార్యవర్గ తీర్మానంగా రాసుకోవాలి. ఫోన్లు మోగడం మొదలయ్యాక ఆ తీర్మానం చెయ్యడం ఎవరితరమూ కాదు.

డబ్బు పంపడంలో చట్టం గురించి. భారత్‌కు పంపేవాళ్లు 2020 సెప్టెంబరు నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణను చదవకుండా విరాళాలు మొదలుపెట్టకూడదు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదలాయించడానికి వీల్లేదు, రెండోదానికి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక పెద్ద సంస్థకు ఇస్తే అది పది చిన్నవాటికి పంచుతుందనే పాత పద్ధతి ఇక చెల్లదు. భారత పౌరులు తమ సొంత పొదుపును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపినా, విదేశంలో నమోదైన సంఘం పంపినా అవుతుంది. ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చెక్కులకు రెండు దారులు. అందుకే జిల్లాకొకటి చొప్పున, క్షేత్రస్థాయిలో పనిచేసే చిన్న సంస్థలతో నేరుగా ఒప్పందాలు ముందే ఉండాలి. పత్రాలు సరిచూడ్డానికి వారాలు పడుతుంది, వైరస్ ఆగదు.

చివరగా ప్రవాసులకు మాత్రమే ఉన్న ఒక బలం ఉంది. టీకాల పేటెంట్లను సడలించాలని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరు 2న ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. కుదించిన రూపంలో నిర్ణయం వచ్చింది 2022 జూన్ 17న. ఆ ఇరవై నెలల జాప్యంలో ప్రధాన పాత్ర సంపన్న దేశాల ప్రభుత్వాలది. మనలో చాలామంది పన్నులు కట్టేదీ, కొందరు ఓట్లు వేసేదీ ఆ దేశాల్లోనే. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో, మహమ్మారి వేళ ఇందులో పాల్గొనే తయారీదారులు తమ ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్న లక్ష్యం ఉంది, ఉత్పత్తిలో కనీసం 10 శాతం విరాళంగా. అది ఎలా అమలవుతుందన్నది ఒక అనుబంధంలో తేల్చాలని పెట్టారు. ఆ అనుబంధం ఆమోదం పొందాకే ఒప్పందం సంతకాలకు వెళ్తుంది. సంఘం తరఫున ప్రజాప్రతినిధికి ఉత్తరం రాస్తే 'సమానత్వం కావాలి' అని రాసి ఊరుకోవద్దు. దానమిచ్చే డోసుకు దిగేనాటికి 10 వారాల గడువు, నాలుగు వారాల ముందు సమాచారం, డోసుకొక సిరంజి, సంస్థలు వేసే చోట దావా పూచీ ప్రభుత్వాలదే అన్న ఈ నాలుగు షరతులను అంకెలతో సహా రాసి, వాటిమీద వాళ్ల వైఖరేమిటో జవాబు అడగండి.