చార్జరుగారి మౌనవ్రతం

హైదరాబాదు శివార్లలోని మా గేటెడ్ కమ్యూనిటీలో బ్యాటరీలతో నడిచే బగ్గీ నిన్న ఉదయం నలుగురు పెద్దవాళ్ళతో సహా క్లబ్‌హౌస్ మలుపులో ఆగిపోయింది. సెక్యూరిటీ వాళ్ళతో కలిసి దాన్ని షెడ్డుదాకా తోశాను. నేను రాని సమావేశంలో రవాణా బాధ్యత నాకు అప్పగిస్తూ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది కనుక, చార్జరు తగిలించే భాగ్యమూ నాకే దక్కింది. తగిలించాను గానీ దీపం వెలగలేదు.

కంపెనీ హెల్ప్‌లైన్‌లోని అమ్మాయి, చార్జరుకు చెవి ఆనించి వినమనీ, ముందు లోపల కరెంటును కలిపే స్విచ్చు, అంటే రిలే, టక్కుమంటుందనీ, తరువాత సన్నని మూలుగు వస్తుందనీ చెప్పింది. కుడిచెవికి ఫోను, ఎడమచెవికి చార్జరు ఆనించుకుని, షెడ్డు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే ఉదయపు నడక ముగించుకున్న బృందం అటుగా వచ్చింది. నాకు బీపీ పడిపోయిందని నిర్ధారించిన ఒకావిడ ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళకోసం మనిషిని పరుగెత్తించింది. విద్యుత్ శాఖలో పదవీ విరమణ చేసిన పెద్దాయన ‘ముందు ప్లగ్గు పీకవయ్యా’ అంటుంటే, ఫోనులో ‘ప్లగ్గు మాత్రం తీయకండి సార్’ అని వినిపించింది. ఈలోగా మా ఆవిడ వచ్చి, కాసేపు మౌనంగా చూసి, ‘ఏమండీ, ఆ పెట్టె ఏమంటోంది?’ అని అడిగింది. అంతలో టక్కుమంది. ‘వచ్చింది, వచ్చింది’ అని అరిచాను. అది నా మోకాలి చిప్ప.

చివరికి హెల్ప్‌లైన్ అమ్మాయి తీర్పు చెప్పింది: ‘బ్యాటరీలలో చార్జింగ్ మరీ తక్కువగా ఉంది సార్, అందుకే చార్జర్ ఆన్ అవడం లేదు. ముందు చార్జింగ్ పెట్టుకోండి.’ పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్న సామెతకు ఇంతకన్నా సాంకేతికమైన వ్యాఖ్యానం నేనెన్నడూ వినలేదు.

అయితే ఆమె చెప్పింది నిజమేనని పెద్దాయన మల్టీమీటరు తెచ్చి తేల్చారు. మా బగ్గీలో 8 వోల్టుల బ్యాటరీలు ఆరు వరుసగా కలిపి ఉంటాయి. పూర్తిగా చార్జయితే అన్నీ కలిసి 50 వోల్టులు దాటి చూపించాలి, మీటరు 29 దగ్గర ఆగింది. ఇలాంటి చార్జరు తనకు అవతల కొంత వోల్టేజీ కనిపిస్తేనే రిలేను కలుపుతుంది. అంతకన్నా తక్కువైతే అక్కడ బ్యాటరీయే లేదనుకుని ఊరుకుంటుంది. మూతలు తీసి చూస్తే నీరు అడుగంటి, సీసపు పలకలు బయటపడి ఉన్నాయి. టెర్మినళ్ళ మీద పచ్చదనం కలిసిన తెల్లటి పొడి వేలిమందాన పేరుకుంది.

కరెంటు పొదుపుకోసం రాత్రి పదింటికల్లా షెడ్డు స్విచ్చు కట్టేయాలని సర్క్యులర్ అంటించినది అధ్యక్షులవారు. బగ్గీ ఏనాడూ కడుపునిండా చార్జయిన పాపాన పోలేదు. ‘బోరు ఉండగా నీళ్ళు కొనడమేమిటి’ అంటూ డిస్టిల్డ్ వాటర్ బిల్లు కొట్టేసినది కోశాధికారి. వీరిలో ఒక్కరూ మోకాళ్ళ మీద కూర్చోలేదు.

మధ్యాహ్నం బ్యాటరీ దుకాణం కుర్రాడు వచ్చి, వైర్లు విప్పి, టెర్మినళ్ళను వంటసోడా నీళ్ళతో కడిగాడు. పలకలు మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతాది చార్జయ్యాక పోయాలనీ, ముందే నింపితే ఆమ్లం పొంగి బయటికి వస్తుందనీ చెప్పాడు. ఒక్కొక్క బ్యాటరీకీ తన చార్జరుతో విడివిడిగా కొంత ప్రాణం పోసి, మళ్ళీ అన్నింటినీ కలిపి మా చార్జరు తగిలించాడు. ఈసారి నిజంగానే టక్కుమంది, మూలిగింది కూడా. ఆరింటిలో ఒకటి మాత్రం ఎక్కువకాలం నిలవదనీ, డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి ఎప్పుడూ షెడ్డులో ఉంచుకోవాలనీ హెచ్చరించి వెళ్ళాడు.

ఆ డబ్బా సంగతి రాత్రే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మూడు కొటేషన్లు తీసుకురమ్మని కోశాధికారి జవాబిచ్చారు.