చర్చించడమైనది

జిల్లా ఆఫీసుల్లో ఉద్యోగులు ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడం లేదని, పనిచేసే చోట మాటల నాణ్యత పెరగాలని ఈ మధ్య పెద్దలు తెగ బాధపడుతున్నారు. బయటినుంచి చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. మామూలు జనం తమకు తెలిసింది ఇంకొకరికి చెప్పడానికి మాట్లాడుకుంటారు. ఇది చాలా పాత పద్ధతి, కిరాణా కొట్టు వరకు సరిపోతుంది. ప్రభుత్వ ఆఫీసు దాన్ని దాటి చాలా దూరం వచ్చేసింది. ఇక్కడ ఇద్దరు మాట్లాడుకున్నాక ఎవరు ఏం చెప్పారో, ఎవరు దేనికి ఒప్పుకున్నారో ఏ విచారణాధికారీ తేల్చలేకపోవాలి. అప్పుడే అది నాణ్యమైన సంభాషణ. ఆ లెక్కన మనం ఎవరికీ తీసిపోం.

నమ్మకం కుదరకపోతే ఒక గోడ సంగతి చూద్దాం. ఒక సంక్షేమ హాస్టల్ ప్రహరీ గోడ వానకు కూలిందనుకోండి. వార్డెన్ లెటర్ పెడతాడు. జిల్లా ఆఫీసులో దాన్ని తపాల్లో ఎక్కించి, నంబరు వేసి, సంబంధిత సీటుకు పంపుతారు. ఆ సీటులోని జూనియర్ అసిస్టెంట్ వార్డెన్ రాసిందంతా మళ్లీ రాసి, చివర “పరిశీలించి తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది” అని పెడతాడు. గోడ కట్టాలా వద్దా అన్నది మాత్రం చెప్పడు. అభిప్రాయం కలిగి ఉండటానికి ఆయన పే స్కేల్ ఒప్పుకోదు. ఫైలు సూపరింటెండెంట్‌గారి దగ్గరికి, అక్కడినుంచి ఏవోగారికి (అంటే పరిపాలనాధికారికి), ఆపైన ఇంకో ఇద్దరికి వెళ్తుంది. పైవాళ్లు చూసుకుంటారులే అని కిందివాళ్లు సంతకం పెడతారు. కిందివాళ్లు చూసే ఉంటారులే అని పైవాళ్లు సంతకం పెడతారు. చిట్టచివర ఉన్న సార్ ఫైలు తెరిచి రెండే రెండు మాటలు రాస్తారు: “ప్లీజ్ స్పీక్”.

మాట్లాడుకోవడం లేదని ఎవరన్నారు? మాట్లాడమని సాక్షాత్తూ రాతలో ఆదేశమే ఉంది.

సూపరింటెండెంట్‌గారు ఆ ఫైలు ప్రింట్లు తీసుకుని (ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి వెళ్లాయి కాబట్టి ఇప్పుడు ప్రింట్లు ఎక్కువ తీయాల్సి వస్తోంది) ఛాంబర్ బయట నిలబడతారు. సార్ వీసీలో, అంటే వీడియో కాన్ఫరెన్స్‌లో ఉన్నారు. మర్నాడు సార్ క్యాంపులో ఉన్నారు. ఆ మర్నాడు మంత్రిగారి పర్యటన. ఎలాగో ఒక సాయంత్రం సార్ కారెక్కుతుండగా దొరుకుతారు.

“ఏమిటండీ అది?”

“గోడ సార్.”

“ఏ గోడ?”

“హాస్టల్ గోడ సార్. కూలింది సార్.”

“చూడండి మరి. రూల్ ప్రకారం ఏముంటే అది చెయ్యండి.”

కారు వెళ్లిపోతుంది. సూపరింటెండెంట్‌గారు సీటుకొచ్చి రాస్తారు: “చర్చించడమైనది. చర్చించిన మేరకు డ్రాఫ్ట్ సమర్పించడమైనది.”

రేపు ఆ గోడ లేని చోటునుంచి ఎవరైనా లోపలికొచ్చి ఏదైనా చేసినా, ఈ వాక్యాన్ని పట్టుకుని ఎవరినీ లాగలేరు. చర్చ జరిగింది, అందులో అబద్ధం లేదు. ఏం తేలిందో ఆ కారు డ్రైవర్ని అడగాలి. అతనేమో అవుట్‌సోర్సింగ్.

ఫైళ్లు ఎప్పుడూ ఇలా ఉండేవి కావు. రికార్డు రూములో పాత కట్టలు విప్పితే, “నేను స్వయంగా వెళ్లి చూశాను, దరఖాస్తుదారు చెప్పేది నిజం కాదు” అని రాసి, కింద సంతకం చేసి, తేదీ కూడా వేసిన మొండివాళ్లు కనిపిస్తారు. ఆ తరం వెళ్లిపోయింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఫైల్లో రాసుకునే నోటింగ్స్ ఆ చట్టం కిందికి రావని కేంద్ర సిబ్బంది శాఖ మొదట్లో వాదించింది. వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2006 జనవరిలో తేల్చేసింది. చట్టాన్నే సవరించి వాటిని తప్పిద్దామని అదే ఏడాది కేంద్రం చూసింది గానీ, జనం గొడవ చేయడంతో ఆగిపోయింది. ఇక పది రూపాయల ఫీజు కడితే చాలు, ఫలానా అధికారి ఫలానా రోజున ఏమనుకున్నాడో ఎవరైనా చదువుకోవచ్చు. అధికారులు జాగ్రత్తగా పనిచేయాలని ఆ చట్టం కోరుకుంది. వాళ్లు జాగ్రత్తగా రాయడం నేర్చుకున్నారు. అభిప్రాయాలన్నీ ఫైల్లోంచి వరండాలోకి, వరండాలోంచి ఫోన్లోకి వలసపోయాయి.

ఫోన్లో చెప్పింది కూడా కాగితం మీదికి రావాలని కోర్టులు పట్టుబట్టాయి. 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు, నోటిమాట ఆదేశాల మీద అధికారులు పనిచేయకూడదని, అలాంటివి వస్తే రాసి పెట్టుకోవాలని చెప్పింది. పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలని, నోటితో చెబితే తర్వాత రాతలో ఖరారు చేయాలని అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలూ చెబుతున్నాయి. ఎంత మంచి మాటలో! ఈ మాటలు చదివి ఉత్సాహపడి, “సార్, పొద్దున ఫోన్లో చెప్పింది కాస్త రాసిస్తారా?” అని అడిగినవాళ్లు లేకపోలేదు. ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే లూప్‌లైన్ పోస్టుల, అంటే ఎవరూ కోరుకోని మూల సీట్ల జాబితా తెప్పించుకోవాలి.

ఈ విషయంలో మన మనసెరిగి ప్రవర్తించింది ఒక్క ఎన్‌ఐసీ (ప్రభుత్వానికి కంప్యూటర్ పనులు చేసిపెట్టే కేంద్ర సంస్థ) ఇంజనీర్లే. ఫైళ్లు నడపడానికి వాళ్లు తయారుచేసిన ఈ-ఆఫీస్‌లో రెండు రకాల నోట్లుంటాయి. గ్రీన్ నోట్ ఒకసారి పంపితే చెరపడం కుదరదు, అది శాశ్వతం. ఎల్లో నోట్ చిత్తు లాంటిది, దిద్దుకోవచ్చు, తీసిపారేయవచ్చు. అంటే అభిప్రాయానికి ట్రయల్ రూము దొరికింది. “ముందు ఎల్లోలో పెట్టండి, సార్ మూడ్ చూసి గ్రీన్ చేద్దాం” అనే మాట ఇప్పుడు ప్రతి సెక్షన్లోనూ వినిపిస్తుంది. పెళ్లి సంబంధాలు, పార్టీ ఫిరాయింపులు, అప్పు పత్రాలకు కూడా ఈ సదుపాయం వస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుంది!

ఇక వాట్సాప్. కొత్త సార్ రాగానే కొత్త గ్రూపు పుడుతుంది. పాత సార్ గ్రూపులోంచి ముందుగా బయటికొస్తే పాత సార్ ఏమనుకుంటారో, ఉంటే కొత్త సార్ ఏమనుకుంటారో తెలియక అందరూ రెండింటిలోనూ ఉంటారు. ఒక్కో గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గనక చోటుకు కొరత లేదు. రాత్రి పదిన్నరకు సార్ ఒక ఎక్సెల్ షీట్ పడేస్తారు. సగం గళ్లు ఎర్రగా ఉంటాయి. కింద ఒకే ప్రశ్న: “వై సో మచ్ పెండెన్సీ?” నిమిషం తిరక్కుండా వరద మొదలవుతుంది. నోటెడ్ సార్. నోటెడ్ సార్. షూర్ సార్. నోటెడ్ అండ్ విల్ కంప్లై సార్. ఎవరూ షీట్ తెరవరు, తెరిస్తే ఆలస్యమైపోతుంది. మొదటి అయిదుగురిలో ఉంటే శ్రద్ధగలవాళ్లు. ఇరవై దాటాక వచ్చినవాళ్ల మీద సార్ ఒక కన్నేసి ఉంచుతారని ప్రతీతి. మర్నాడు పొద్దున లేచి చూసుకున్నవాళ్ల పేర్లు నేను ఇక్కడ ప్రస్తావించను, వాళ్లకూ పిల్లలున్నారు.

బ్లూ టిక్కులు ఆపేసుకున్నాం కదా, చూడలేదని చెప్పొచ్చు అనుకునే అమాయకులకు ఒక హెచ్చరిక. గ్రూపుల్లో ఆ సెట్టింగ్ పనిచేయదు. ఎవరు చదివారో పంపినవాళ్లకు తెలిసిపోతుంది. 2022లో మెసేజ్ మీదే బొటనవేలు గుర్తు పెట్టే సౌకర్యం వచ్చినప్పుడు, నోటెడ్ సార్ టైపు చేసే బాధ తప్పిందని కొందరు యువకులు సంబరపడ్డారు. పాపం. బొటనవేలు పైనుంచి కిందికి చూపించేది. కిందినుంచి పైకి వెళ్లేది రెండు చేతులూ జోడించిన గుర్తే. ఈ తేడా తెలియక జాయింట్ కలెక్టర్‌గారి మెసేజ్‌కు బొటనవేలు చూపించిన ఒక ఉద్యోగి, ఆ ఏడాది ఇంక్రిమెంటు వచ్చేదాకా నిద్రపోలేదని విన్నాను.

ఇది సార్ ఉన్న గ్రూపు సంగతి. సార్ లేని గ్రూపు ఇంకొకటి ఉంటుంది. దాని పేరు “ఫ్రెండ్స్” అనో, “సండే క్రికెట్” అనో ఉంటుంది గానీ అక్కడ ఎవరూ క్రికెట్ ఆడరు. మన గోడ విషయం ఆ గ్రూపులో పది నిమిషాల్లో తేలిపోయింది. పునాది రెండడుగులు కూడా తవ్వలేదని, కాంట్రాక్టర్ ఎవరి బావమరిదో, ఎంబుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) లెక్కలు ఎవరింట్లో కూర్చుని రాశారో, నిరుడు ఇదే కాంట్రాక్టర్ కట్టిన బడి గోడ ఏ గతి పట్టిందో, అన్నీ వివరంగా, ఫొటోలతో సహా వచ్చాయి. కలెక్టరేట్ గేటు ఎదురుగా టీ బండి దగ్గరైతే ఇంకా లోతైన సాంకేతిక చర్చ జరిగింది. సిమెంటు ఎంత పడాలి, ఎంత పడింది, ఇసుక ఏ వాగుదో టీ కాచే ఆయనే చెప్పాడు.

ఈ సమాచారమంతా ఆఫీసుకు రాకూడదా అని మీరడగవచ్చు. వస్తే నంబరు వేయాలి. నంబరు వేస్తే నోట్ పెట్టాలి. నోట్ పెడితే సంతకం చేయాలి. ఇంత చిన్న విషయం శిక్షకులకు అర్థం కాదు.

శిక్షకులంటే గుర్తొచ్చింది. మాటల నాణ్యత పెంచడానికి ఏసీ హాల్లో ఒకరోజు కార్యక్రమం పెడుతుంటారు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, మనసు విప్పి మాట్లాడాలి, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి అని చెబుతారు. తర్వాత అందరినీ ఇద్దరిద్దరుగా ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, ఆఫీసు గురించి ఒక్క నిజం చెప్పుకోమంటారు. పద్దెనిమిదేళ్లుగా పక్కపక్క సీట్లలో పనిచేస్తున్న ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

“మన సార్ చాలా మంచివారండీ.”

“నేనూ అదే చెబుదామనుకుంటున్నానండీ.”

శిక్షకుడు కదిలిపోతాడు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ “ఎక్సలెంట్” దగ్గర టిక్కు పెడతారు. అది పొద్దున రిజిస్ట్రేషన్ దగ్గరే నింపేశారు, భోజనాల వేళ హడావుడి ఉండకూడదని.

వీడియో కాన్ఫరెన్స్ గురించి కూడా చెప్పాలి గానీ అక్కడ సంభాషణ చాలా తక్కువ, సంగీతం ఎక్కువ. “సార్, సార్, సార్, సార్” అనే పల్లవి, “ప్రాసెస్‌లో ఉంది సార్, ఈవెనింగ్ కల్లా క్లోజ్ చేస్తాం సార్” అనే చరణం. సోమవారం అర్జీల మీద సమీక్షలో ఇది బాగా వినిపిస్తుంది. తెలంగాణలో ప్రజావాణి అన్నా, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అన్నా రాగం ఒకటే. అర్జీ “సంబంధిత శాఖకు పంపడమైనది” అని రాసి క్లోజ్ చేస్తారు. డ్యాష్‌బోర్డులో గడి పచ్చబడుతుంది. అర్జీ పెట్టిన ముసలాయన వచ్చే సోమవారం మళ్లీ అదే కాగితం పట్టుకుని వస్తాడు. ఆయనకు డ్యాష్‌బోర్డు చూడటం రాదు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థకు ఎలాంటి ప్రమాదాలు వస్తాయో చెప్పి ముగిస్తాను. మన గోడ వీసీలో చర్చకు వచ్చిందనుకుందాం. “ఆ హాస్టల్ గోడ ఎందుకు కూలింది?” అని సార్ అడిగారు. వెనక వరుసలోంచి, సెక్షన్లో కొత్తగా చేరిన డిప్యూటీ తహసీల్దార్ లేచి, “తెలియదు సార్. వెళ్లి చూసి చెబుతాను” అన్నాడు.

హాలంతా నిశ్శబ్దం. మండలాల్లో కూర్చున్నవాళ్లు కూడా, అప్పటికే మ్యూట్‌లో ఉన్నా, ఇంకోసారి మ్యూట్ నొక్కారు. సార్‌కు కూడా ఏమనాలో తోచలేదు. ప్రొఫార్మాలో “కంప్లీటెడ్”, “ఇన్ ప్రోగ్రెస్”, “నాట్ స్టార్టెడ్” అని మూడే గళ్లున్నాయి. “తెలియదు” అనే గడి లేదు. చివరికి సార్ “నెక్స్ట్” అన్నారు.

కుర్రాడు అంతటితో ఆగాడా? ఆదివారం బండి మీద నిజంగానే వెళ్లాడు. గోడ చూశాడు, టేపుతో కొలిచాడు, వార్డెన్‌తో, మేస్త్రీతో మాట్లాడాడు. సోమవారం పొద్దున్నే, ఎవరినీ సంప్రదించకుండా, నేరుగా గ్రీన్ నోట్‌లో, “నేను వెళ్లి చూశాను. పునాది అడుగున్నర కంటే లోతు లేదు. కొలతలు తప్పు” అని రాసి పైకి పంపించేశాడు.

సాయంత్రంలోపే కమ్యూనికేషన్ స్కిల్స్ శిక్షణ తర్వాతి బ్యాచ్‌కు అతని పేరు వెళ్లింది. అదేమంత కష్టం కాలేదు. చిక్కంతా ఫైలుతోనే వచ్చింది. ఆ నోట్ కింద సంతకం పెట్టాల్సిన నలుగురిలో ముగ్గురు సెలవు పెట్టేశారు. నాలుగో ఆయన, గ్రీన్‌ని వెనక్కి ఎల్లో చేసే మార్గం ఏమైనా ఉందా అని పొద్దుటినుంచి ఎన్‌ఐసీ వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అదైనా మెయిల్‌లో అడగొచ్చు కదా అంటే, రాతలో వద్దంటున్నారు.