ఇంకా 1 మిగిలి ఉంది

నాలుగు రోజులుగా నా ఫోన్ చెప్తున్న మాట ఒక్కటే. "బ్యాకప్ అవుతోంది. ఇంకా 1 మిగిలి ఉంది." పదకొండు వేల చిల్లర ఫోటోలూ వీడియోలూ బుద్ధిగా ఎక్కాయట. ఒక్కటి మాత్రం ఎక్కనంటోంది. ఆ ఒక్కటి ఏదో చెప్పదు. ఎందుకు ఎక్కదో చెప్పదు. పక్కన ఆ గుండ్రటి గీత మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. రాత్రి పడుకునేటప్పుడూ తిరుగుతోంది, పొద్దున్న లేచేసరికీ తిరుగుతోంది.

కొత్త ఫోన్ వచ్చి డబ్బాలోనే ఉంది. పాతదాని స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు పడుతున్నాయి, రోజుకొకటి పెరుగుతోంది. ఏ నిమిషాన నల్లబడిపోతుందో తెలియదు. ఆ లోపు అందులో ఉన్నదంతా పైకి, అంటే నెట్‌లో దాచుకునే ఆ క్లౌడ్‌లోకి ఎక్కించాలి. ఏ కంపెనీ ఫోన్, ఏ యాప్ అని అడగొద్దు. చెప్పానంటే సగం మంది "ఆ కంపెనీది కొనొద్దని మేం ఎప్పుడో చెప్పాం" అంటారు, మిగతా సగం "మాకు బాగానే పనిచేస్తోందే" అంటారు. ఈ రెండో రకం వాళ్లంటే నాకు మరీ ఒళ్లు మంట. మీకు పనిచేస్తే సంతోషం, హాయిగా వాడుకోండి. నాకు చెప్పడం దేనికి?

ఇవాళ మధ్యాహ్నం ఇక తట్టుకోలేక ఆ యాప్ వాళ్ల సహాయం చాట్ తెరిచాను. అక్కడే నాకు పిచ్చెక్కింది. మొదట ఒక బాట్ వచ్చి "మీ సమస్య నాకు అర్థమైంది" అంది. నేనింకా సమస్య చెప్పనే లేదు. పావుగంట తర్వాత మనిషి వచ్చారు. మనిషే అనుకుంటున్నాను.

"ఫోన్ రీస్టార్ట్ చేశారా?" చేశాను. ఆరుసార్లు.
"వైఫై ఉందా?" ఉంది. లేకపోతే మీతో ఎలా మాట్లాడుతున్నాను?
"క్యాష్ క్లియర్ చేశారా?" అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్నది ఊడ్చేయడం. చేశాను.
"యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి." అదీ నిన్ననే చేశాను. పదకొండు వేలూ మొదటి నుంచి లెక్కపెట్టుకుని, గంటన్నర తర్వాత మళ్లీ ఆ ఒక్కటి దగ్గరే వచ్చి కూర్చుంది.
"అయితే 24 గంటలు ఆగి చూడండి."

నాలుగు రోజులు ఆగానండీ! నేను అది టైప్ చేస్తుండగానే చాట్ మూసుకుపోయింది. "మా సేవ ఎలా ఉంది? ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని ఒక పెట్టె తెరుచుకుంది. పగటిపూట కనిపించే నక్షత్రాలు ఇవే కాబోలు.

అసలు ఈ బ్యాకప్ గారి మర్యాదలు చూశారా మీరు? ఆయన కదలాలంటే ఫోన్ ఛార్జింగ్‌లో ఉండాలి. వైఫై ఉండాలి. స్క్రీన్ లాక్ అయి ఉండాలి. మనం ముట్టుకోకూడదు. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు లైటు తీసేసి, చప్పుడు చేయకుండా, మునివేళ్ల మీద గదిలోంచి బయటికి రావాలి. ఇంత చేశాక బ్యాటరీ ఆదా అని ఇంకొక దొంగ ఉంటాడు. వాడు మనకు మేలు చేస్తున్నాననుకుని వెనకాల నడిచే యాప్‌లన్నిటి పీకా నొక్కేస్తుంటాడు, అందులో ఈ బ్యాకప్ కూడా పోతుంది. రెండూ ఆ ఫోన్‌లోవే, రెండూ ఒకదాన్నొకటి ఎరగవు. సెట్టింగ్స్‌లో నాలుగు గదులు దాటి లోపలికి వెళ్లి, ఈ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు వద్దు అని చెప్పుకోవాలి. ఈ సంగతి ఆ చాట్‌లో ఒక్క ముక్క చెప్పారా? నేనే మొన్న రాత్రి ఒంటిగంటకు తవ్వి పట్టుకున్నాను. ఈ పోస్టు కూడా మావారి ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను, ఫోన్ ముట్టుకుంటే అయ్యగారికి నిద్రాభంగం అవుతుందని.

నెట్ స్పీడ్ సంగతి సరే సరి. మనకు గొప్పగా చెప్పి అంటగట్టేదంతా కిందికి దిగే స్పీడు. పైకి ఎక్కే స్పీడు చాలా కనెక్షన్లలో అందులో ఎన్నో వంతు. సినిమా గిర్రున వచ్చేస్తోంది కాబట్టి నెట్ బాగుందనుకుంటాం. మన వీడియో ఒకటి పైకి పంపి చూడండి, ఎడ్లబండి నయమనిపిస్తుంది.

ఇక స్టోరేజ్. 2011లో ఆపిల్ వాళ్ల క్లౌడ్, ఐక్లౌడ్ వచ్చినప్పుడు ఉచితంగా ఇచ్చింది 5 జీబీ. ఇవాళా అదే 5 జీబీ. ఫోన్లు పెరిగాయి, కెమెరాలు పెరిగాయి, ఒకదానికి మూడు కళ్లొచ్చాయి, ఆ 5 మాత్రం 5 దగ్గరే ఉంది. బాగా స్పష్టంగా ఉండే 4కే వీడియో సెకనుకు 60 ఫ్రేముల్లో తీస్తే నిమిషానికి 400 ఎంబీ అవుతుందని ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది. లెక్క వేసుకోండి, పన్నెండున్నర నిమిషాలకు 5 జీబీ హాంఫట్. గూగుల్ ఇచ్చే 15 జీబీ కాస్త నయం అనుకుంటామా, అందులోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ను కూడా 2024లో అందులోకే తోసేశారు. ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఒకరు కాళ్లు చాపితే ఇంకొకరు మంచం దిగాలి. నిండిపోతే ఫోటోలు ఆగడమే కాదు, మెయిల్ రావడం కూడా ఆగిపోతుంది.

2015లో గూగుల్ ఫోటోస్ పెట్టినప్పుడు, సైజు కాస్త తగ్గించి దాచుకుంటే ఎన్ని ఫోటోలైనా ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ ముచ్చట తీరిపోయింది. వ్యాపారం వాళ్లది, వాళ్లిష్టం, కాదనను. కానీ ఆరేళ్లు అలవాటు చేసి, ఇంట్లో ఆల్బమ్ అనే వస్తువే లేకుండా చేశాక లెక్క మొదలుపెట్టడం అన్నది... సరే వదిలేయండి, ఆ కోపం వేరే రోజుకు దాచుకుంటాను. దాచుకోవడానికి ఎక్కడా చోటు లేదు కాబట్టి నా దగ్గరే ఉంటుంది.

అన్నట్టు "ఏదో తప్పు జరిగింది. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి" అనే వాక్యం రాసినవాళ్లు ఎవరో నాకు చూడాలని ఉంది. ఏదో అంటే ఏది? ఎవరి తప్పు? మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్తే "ఏదో అయింది, రేపు మళ్లీ తోసుకురండి" అంటే ఊరుకుంటామా?

సరే, చివరికి దొంగను నేనే పట్టుకున్నాను. ఫైళ్ల యాప్ తెరిచి, కెమెరా ఫోల్డర్‌లో అన్నిటినీ సైజు వారీగా పేర్చమన్నాను. అట్టడుగున ఒక వీడియో. సైజు సున్నా. అవును, సున్నా కేబీ. ఎప్పుడో వీడియో తీస్తుండగా ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయి ఉంటుంది, పేరు మాత్రం పుట్టింది, లోపల ఏమీ లేదు. గ్యాలరీలో బొమ్మ కూడా కనబడదు. ఈ యాప్ నాలుగు రోజులుగా ఆ ఏమీలేనిదాన్ని మోసుకుపోవాలని చూస్తోంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ, నాకు ఎలుక కూడా దొరకలేదు, కన్నం దొరికింది.

"ఈ ఫైలు పాడైంది, వదిలేసి ముందుకు పోనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే నా నాలుగు రాత్రులు మిగిలేవి.

దాన్ని డిలీట్ చేసేస్తే సరిపోతుంది కదా అంటారు. చేయొచ్చు. కానీ ఆ బొత్తాం మీద వేలు పెట్టేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. ఎందుకో తెలియాలంటే మా మరిది గురించి చెప్పాలి.

మా మరిది సాఫ్ట్‌వేర్. ఇంట్లో రిమోట్‌లో బ్యాటరీ మార్చాలన్నా అందరూ ఆయన వైపే చూస్తారు, ఎందుకంటే ఆయన సాఫ్ట్‌వేర్. నాలుగేళ్ల కిందట నా ఫోన్ నిండిపోయిందని నేను గొణుక్కుంటుంటే, "ఇటివ్వండి వదినా, రెండు నిమిషాల పని" అన్నాడు. ఇచ్చాను. "అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి వదినా, ఫోన్‌లో కూడా ఎందుకు, డబుల్ కదా" అంటూ టకటకా అన్నీ టిక్కు పెట్టి డిలీట్ కొట్టాడు. ఫోన్ తేలికపడింది. అంతా ఆహా ఓహో అన్నారు. నేను కూడా అన్నాను, అదే నా ఖర్మ.

అక్కడ ఉన్నది బ్యాకప్ కాదు, సింక్. అంటే ఫోన్‌లో తీసేస్తే పైన కూడా పోతుంది. ఆ యాప్‌లోనే ఫోన్‌లో కాపీ మాత్రం తీసేసి పైన ఉంచే బొత్తాం వేరే ఉంది, డిలీట్ వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ గారు రెండోది నొక్కారు. ఇలా తీసేసినవి చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు, ఐఫోన్‌లో 30 రోజులు. మాది ఏదైతేనేం, నేను చూసుకునేసరికి నాలుగు నెలలు దాటింది.

ఏం పోయాయో చెప్తాను. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. హాల్లో గోడ నిండా బొమ్మలు గీసింది, కింద పట్టీ దగ్గర నుంచి దాని చెయ్యి అందినంత ఎత్తు వరకు. ఒక ఏనుగు, దానికి పదహారు కాళ్లు. ఏనుగు మీద నేను, నాకు మూడు జడలు. పక్కన వాళ్ల నాన్న, ఆయన మీసం ఏనుగు తొండం కంటే పొడుగు. ఇల్లు మారాల్సి వచ్చింది, ఖాళీ చేసే ముందు గోడలకు రంగు వేయించి ఇవ్వాలి. అందుకని ఆ గోడను ముక్కలు ముక్కలుగా ముప్పై ఎనిమిది ఫోటోలు తీశాను. సాయంత్రం లైటు సరిగ్గా పడలేదని మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ తీశాను. రంగు వేసే అతను "వేసేయమంటారా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. ఫోటోలున్నాయి కదా, వేసేయమన్నాను.

ఆ రంగులతను అడిగినట్టు మరిది కూడా ఒకసారి అడిగి ఉంటే! ఆ యాప్ అడిగింది లెండి, "ఈ 2,140 అంశాలను తీసేయాలా?" అని. ఎవరిని అడిగింది? మరిదిని. మరిది సరే అన్నాడు.

విషయం బయటపడ్డాక ఆయన అన్న మాట నాకు ఈ జన్మకు గుర్తుంటుంది. "టెక్నికల్‌గా అది సింక్ వదినా, బ్యాకప్ కాదు." టెక్నికల్‌గా! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట, మా ఇంట్లో ఆ మొరగడం కూడా టెక్నికల్‌గానే. అంతటితో ఆగాడా, "ఏముంది, పాపతో మళ్లీ వేయిస్తే సరి" అన్నాడు. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. ఏనుగు వేయమంటే నాలుగే కాళ్లు వేస్తుంది.

అప్పటినుంచి నాకు అన్నీ అనుమానమే. ఏ ఫోల్డర్ ఎక్కుతోందో, ఏది ఎక్కడం లేదో ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను. చాలా ఫోన్లలో కెమెరా ఫోల్డర్ ఒక్కటే దానంతట అది వెళ్తుంది, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్‌లు మనం విడిగా ఆన్ చేస్తే తప్ప వెళ్లవు. పైన మాత్రం పచ్చ టిక్కు, "బ్యాకప్ పూర్తయింది". ఏది పూర్తయింది? మీరు చెప్పినంత మేరకు పూర్తయింది. మీరేం చెప్పారో మీకు తెలియదు, ఎందుకంటే ఆ రోజు "అనుమతించు, అనుమతించు, సరే, సరే" అని నొక్కుకుంటూ పోయారు. నేను అన్ని ఫోల్డర్లూ ఆన్ చేసి పెట్టాను. హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ కూడా వేస్తుంటాను. దాన్ని చూసి మరిది నవ్వుతాడు, "ఏ కాలంలో ఉన్నారు వదినా?" అని. ఏనుక్కి పదహారు కాళ్లున్న కాలంలో ఉన్నాను నాయనా.

ఇంకోటి. వాడకుండా పక్కన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్ బ్యాకప్ 57 రోజులకు చెరిపేస్తారు. ఐక్లౌడ్ బ్యాకప్ ఆపేస్తే చివరి కాపీ 180 రోజులు ఉంటుంది, ఆ తర్వాత అంతే. ఎక్కడో సెట్టింగ్స్ అడుగున రాసే ఉంది, చదవని తప్పు మనదే, అంతా మనదే. ఫోన్ పోయిందని కొత్తదాంట్లో లాగిన్ అవబోతే, పోయిన ఫోన్‌కే కోడ్ పంపించామంటారు చూడండి, అది కూడా మన తప్పే.

సరే, ఇప్పుడు ఆ సున్నా సైజు వీడియో మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పేరులో తేదీ ఉంది. మూడేళ్ల కిందటి మే నెల. ఆ రోజు ఏం తీశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. లోపల ఏమీ లేదని తెలుసు. తెలిసినా నొక్కలేకపోతున్నాను. మావారు పక్కనుంచి "నొక్కవే బాబూ" అంటున్నారు. ఆయనకేం, ఆయన మీసం బొమ్మ కూడా ఆనాటి డిలీట్‌లోనే పోయిందని ఆయనకు గుర్తే లేదు.

ఇందాక ఈ వ్యవహారమంతా మీకు చూపిద్దామని ఫోన్‌లో ఒక స్క్రీన్‌షాట్ తీశాను. ఇప్పుడే చూశాను. "ఇంకా 2 మిగిలి ఉన్నాయి."