బాణం గుర్తు గారికి ఒక మిర్చి రైతు కొడుకు రాయునది

అయ్యా బాణం గారూ,

నమస్కారం. నేను హనుమకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. డిగ్రీ దాకా గణితంలో అంకెలుండేవి. వస్తువుల మధ్య సంబంధాలను బాణాలతో చూపే మీ కేటగిరీ థియరీ వచ్చాక అవి లాంగ్ లీవ్ పెట్టాయి. ఇప్పుడు బోర్డు మీద రెండు చుక్కలు, మధ్యలో మీరు.

1945లో ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్ అనే గణితవేత్తలు ఒక పేపర్ రాసి మిమ్మల్ని ఇంత పెద్దమనిషిని చేశారు. చూస్తే మీ షరతులేమో కొన్నే. కాజీపేట నుంచి హనుమకొండకు ఒక బాణం, అక్కడి నుంచి వరంగల్‌కు ఇంకొకటి ఉంటే, రెండూ కలిసి కాజీపేట నుంచి వరంగల్‌కు ఒక బాణం కావాలి. వరుసగా మూడుంటే ముందు ఏ జతను కలిపినా ఫలితం ఒకటే. పైగా ప్రతి చుక్కకూ తన నుంచి తనకే ఒక బాణం. మా పెద్దబాపు సలహాలాగా, దేనితో కలిపినా దాన్ని వీసమెత్తు మార్చదు.

చుక్క లోపల ఏముందని మాత్రం మీరు అడగరు. యోనెడా అనే గణితవేత్త పేరున్న లెమ్మా, అంటే ఒక సిద్ధాంతం, ప్రకారం ఒక చుక్కలోకి ఎక్కడెక్కడి నుంచి ఏ బాణాలొస్తాయో, అవి మిగతా వాటితో ఎలా కలుస్తాయో తెలిస్తే ఆ చుక్క తెలిసినట్టేనట. యోనెడా ఈ సంగతి మెక్‌లేన్‌కు ప్యారిస్ రైల్వే స్టేషన్‌లో చెప్పాడంటారు. అంత దూరమెందుకు? మా ఊళ్ళో పెళ్ళికి వెళ్తే నా పేరెవరూ అడగరు. "ఎవలి కొడుకువు బిడ్డా? మీ అవ్వగారిది ఏ ఊరు?" మూడో ప్రశ్నకల్లా నా జాతకం వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇదంతా భరించాను. మీరు మా ఇంట్లో దూరాకే అసలు గొడవ.

మిర్చి కోతలప్పుడు ఇంటికెళ్తే బాపు అడిగాడు, "గా గీతల సదువేందిరా?" అని. నిర్మాణాన్ని నిలిపే బాణమంటే ఏమిటో చెప్పాను. కలిపి పంపినా, పంపి కలిపినా ఒకే లెక్క రావాలి. రెండు సంఖ్యలను గుణించి లాగ్ తీసినా, విడిగా లాగ్ తీసి కూడినా ఒకటే కదా, అట్లా.

బాపు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి కాంటా?"

మా దగ్గర కాంటా వేసినప్పుడల్లా కిలో తరుగు తీస్తారు. నలభై కిలోల బస్తాలు రెండు విడివిడిగా పెడితే 78. కలిపి పెడితే 79. లెక్క నిలవలేదు. అంతటితో ఆగితే బాగుండేది. సున్నా సున్నాకే వెళ్ళాలని కూడా చెప్పాను.

"అంటే ఉత్త కాంటా ఏసినా మనమే కిలో బాకీనారా!"

తెల్లారే వెళ్ళి కాంటా ఆయనను నిలదీశాడు. నీ బాణం తప్పు, నిర్మాణం నిలుస్తలేదు అన్నాడట. ఆయన ఓపిగ్గా విన్నాడు. నిజమే పటేలా, ఇకనుంచి కాంటాకు కాదు, బస్తాకు కిలో అన్నాడు.

ఇప్పుడు కలిపి పెట్టినా 78, విడిగా పెట్టినా 78. ఉత్త కాంటాకు సున్నా. మీ నిర్మాణం చెక్కుచెదరలేదు బాణం గారూ. బాపు మాత్రం వారం నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
పరీక్ష ఫీజు అడగడానికి మొహం చెల్లని
మీ విద్యార్థి