ఆరు వేల పింఛన్, నాలుగు వేల అద్దె

నెల్లూరు కలెక్టరేట్‌కి దగ్గర్లో నాకో జిరాక్స్ షాపుంది. మామూలు రోజుల్లో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాను గానీ, సోమవారం గ్రీవెన్స్ రోజు మాత్రం తొమ్మిదింటికే జనం. అర్జీ టైపు చేయాలి, ఆధార్, రేషన్ కార్డు, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే కాగితం) జిరాక్స్ తీయాలి, పిన్ను కొట్టివ్వాలి. పదకొండేళ్లుగా ఇదే పని. అర్జీల్లో సగానికి పైగా ఒకటే మాట: 'అయ్యా, నాకు సొంత ఇల్లు లేదు, ఇంటి స్థలం ఇప్పించవలసిందిగా కోరుచున్నాను.' చివరికి ఆ వాక్యం కంప్యూటర్లో దాచిపెట్టుకున్నాను, పేరు మార్చి వాడుకోవడమే.

'నేను కట్టగలిగే అద్దెకు ఇల్లు చూపించండి' అని ఇన్నేళ్లలో ఒక్కరూ రాయించుకోలేదు. అలా అడగొచ్చని వాళ్లకు తోచదు. టైపు చేసే నాకూ మొన్నటిదాకా తోచలేదు.

మే నెలలో మా ఇంటి కింద పోర్షన్ ఖాళీ అయితే గేటుకు టులెట్ బోర్డు కట్టాను. రెండో రోజే ఒకతను మూడు చక్రాల బండి తొక్కుకుంటూ వచ్చాడు. షాపుకొచ్చే మనిషే. చిన్నప్పుడు పోలియో. సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, భార్య రెండిళ్లలో పనిచేస్తుంది. "అన్నా, మెట్లు లేని ఇల్లయితే చాలు, మిగతావి ఎట్నో సర్దుకుంటాం" అన్నాడు. లోపలికి తీసుకెళ్లి చూపించాను. హాలు బాగుందన్నాడు. వంటిల్లు బాగుందన్నాడు. బాత్రూం దగ్గర ఆగిపోయాడు. తలుపు రెండడుగుల వెడల్పు. లోపల అరడుగు ఎత్తు గట్టు, దాని మీద ఇండియన్ సీటు. ఒక్క నిమిషం చూసి, "సరేలే అన్నా" అని బండి తిప్పుకున్నాడు.

మేస్త్రీని అడిగితే తలుపు పెద్దది చేసి, గట్టు పగలగొట్టి, కమోడ్ పెట్టి, గోడకు పట్టుకునే రాడ్లు వేయడానికి నలభై వేలన్నాడు. నా అద్దె నాలుగు వేలు. అంటే పది నెలల అద్దె. "రేపు అతను ఖాళీ చేస్తే మళ్లీ ఎవరికోసం, మనకెందుకొచ్చిన గోల" అంది మా ఆవిడ. నేనూ కాదనలేదు. పది రోజుల్లో ఒక మెడికల్ రెప్ చేరిపోయాడు. కాబట్టి ఈ పోస్టులో నేను తిట్టబోయేవాళ్లలో నేనూ ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా.

2024 జులై నుంచి దివ్యాంగుల పింఛన్ మూడు వేల నుంచి ఆరు వేలయింది. మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నా. కానీ మా వీధిలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్ నాలుగు వేలకు తక్కువ లేదు. మూడు నెలల అడ్వాన్సు వేరు. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని రాశారు. ఆ మాట మా వీధిలో ఏ ఓనరుతో అన్నా నవ్వుతాడు. తమాషా ఏంటంటే, పింఛన్‌దారుడంత నమ్మకమైన అద్దెదారుడు ఊళ్లో ఇంకొకడు దొరకడు. ఒకటో తారీఖు ఠంచనుగా డబ్బులు ఇంటికొస్తాయి. అదైనా 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి నోటీసులిచ్చినప్పుడు ఎంతమందికి నిద్ర పట్టలేదో నా కౌంటర్ దగ్గర చూశాను. పింఛన్ ఆగితే ముందు ఆగేది అద్దే.

"టిడ్కో ఇళ్లున్నాయి కదా" అంటారు, అంటే పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టిన అపార్టుమెంట్లు. ఉన్నాయి. మన ఊళ్లోనే వెంకటేశ్వరపురం, అల్లీపురం వైపు వెళ్తే బారులు తీరి కనిపిస్తాయి. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే అన్నారు. మిగతా రెండింటికీ బ్యాంకు లోను, మూడు లక్షల పైచిలుకు. ఇంటి తాళం చేతికి రాకముందే బ్యాంకు నోటీసు అందుకున్నవాళ్లున్నారు, ఒక పక్క అద్దె కడుతూ ఇంకో పక్క వాయిదా కట్టినవాళ్లున్నారు. పైగా కింద ఒక అంతస్తు, పైన మూడు, లిఫ్టు లేదు. వికలాంగులున్న కుటుంబాలకు వీలైతే కింది అంతస్తు ఇవ్వాలని ప్రధానమంత్రి ఆవాస్ మార్గదర్శకాల్లోనే ఉంది. 'వీలైతే' అన్నచోటే అంతా ఉంది.

సొంత స్థలంలో కట్టుకుంటే డబ్బిస్తామనే పథకం స్థలం ఉన్నవాడికే. స్థలం లేనివాడికి సెంటో రెండు సెంట్లో ఊరి బయట పట్టా ఇస్తారు. అక్కడికి మూడు చక్రాల బండి మీద పోయి, సెల్‌ఫోన్ రిపేరుకి మళ్లీ ఊరి మధ్యలో ట్రంకురోడ్డుకి రావాలంటే ఎలా? బస్సెక్కలేడు, ఆటోకి రోజూ పెట్టలేడు. ఏ పార్టీ వచ్చినా పట్టా ఇస్తుంది, మహిళ పేరు మీద ఇస్తుంది, ఫొటో దిగుతుంది. అద్దె రసీదు పట్టుకుని ఏ నాయకుడూ ఫొటో దిగడు కదా.

సరే, ప్రభుత్వమే ఇళ్లు కట్టి అద్దెకివ్వచ్చు కదా అంటే, అసలు చిక్కు అక్కడే. లెక్క కోసం ఒక చిన్న ఇల్లు కట్టడానికి ఆరు లక్షలనుకుందాం, స్థలం ప్రభుత్వానిదే. మొత్తం అప్పు తెస్తే, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు మీద నెల వాయిదా దాదాపు 5,400. పింఛన్ మొత్తం ఆరు వేలు! ఆదాయంలో మూడో వంతుకు మించి అద్దెకు పోతే కడుపు మాడుతుందని అందరికీ తెలుసు. ఆరు వేలలో 30 శాతమంటే 1,800. అందులో మోటారు, ట్యాంకు కడగడం, మెట్ల లైట్లు, డ్రైనేజీ, ఎప్పుడో ఒకసారి సున్నం, ఎంత పిసినారిగా చూసినా నెలకు 800 పోతుంది. మిగిలింది వెయ్యి. ఆ వెయ్యి మోయగలిగే అప్పు లక్షా పది వేలు. మిగతా నాలుగు లక్షల తొంభై వేలు తిరిగి రాని డబ్బుగానే పెట్టాలి. కేంద్రం ఇంటికిచ్చే లక్షన్నర పోను ఇంకా మూడు లక్షల నలభై వేలు ఎవరో ఒకరు పెట్టాలి. ఇందులో కిటుకేమీ లేదు. వడ్డీ తగ్గిస్తాం, పన్ను మినహాయిస్తాం, ప్రైవేటువాళ్లను పిలుస్తాం అంటే ఈ మూడు లక్షల నలభై వేలు మాయమైపోవు.

2020 జులైలో, లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడుచుకుంటూ ఊళ్లకు పోయిన తర్వాత, కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను 25 ఏళ్లపాటు ప్రైవేటు నిర్వాహకులకిచ్చి అద్దెకిప్పించడం ఒక పద్ధతి. చండీగఢ్‌లో, సూరత్‌లో అలా ఇచ్చారు. 2024లో వచ్చిన ఆవాస్ 2.0లో కూడా అద్దె ఇళ్లకు ఒక భాగం పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ 2020 పథకంలో అద్దె నిర్ణయించేది చుట్టుపక్కల అద్దెల సర్వే చూసి. ఫ్యాక్టరీ జీతగాడికి అది సరిపోతుంది. మా సెల్‌ఫోన్ రిపేరు తమ్ముడికి ఆ సర్వే అద్దే అందనిది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడితో ఈ లెక్క చెబితే అక్కడా ఇదే గొడవ మామా అన్నాడు. అక్కడ 1986 నుంచి అద్దె ఇళ్లు కట్టే కంపెనీలకు పన్ను రాయితీ ఇస్తున్నారు. ఇళ్లయితే లేచాయి, కానీ ఆ అద్దె మరీ పేదవాడికి ఎక్కువే, విడిగా సాయం ఉంటే తప్ప చేరలేడు. ఆ సాయం వోచర్. ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెదారుడు కడితే మిగతాది ప్రభుత్వం ఓనరుకి కడుతుంది. వికలాంగుల ఇళ్ల కోసం ఇంకో పద్ధతి కూడా పెట్టారట: కట్టడానికి డబ్బిచ్చి, 40 ఏళ్లు వాళ్లకోసమే ఉంచితే తిరిగి కట్టక్కర్లేదని. అంత డబ్బున్న దేశంలోనూ అర్హుల్లో నలుగురిలో ఒకరికే అద్దె సాయం అందుతోందట. అంటే అక్కడివాళ్లు దేవుళ్లేం కాదు. కాకపోతే పేదవాడు కట్టగలిగేదానికీ ఇల్లు నిలబడటానికి అయ్యేదానికీ మధ్య గండి ఉందని ఒప్పుకున్నారు. మనమింకా ఆ గండి మీద పట్టా కాగితం పరిచి నడవమంటున్నాం.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ఇళ్ల కేటాయింపులో 5 శాతం వాళ్లకివ్వమంటుంది. 24వ సెక్షన్‌లో ఇంకో మాటుంది, దాన్ని ఎవరూ పలకరు: సామాజిక భద్రత పథకాల్లో మిగతావాళ్లకిచ్చే సాయం కంటే వీళ్లకు కనీసం 25 శాతం ఎక్కువివ్వాలి. ప్రభుత్వ ఆర్థిక శక్తికి లోబడి అనే తోక ఉందనుకోండి. అదే కొలత ఇంటికీ పెడితే లక్షన్నర కాస్తా 1,87,500 అవుతుంది. ఆ పెరిగిన 37,500 చూడండి, నా బాత్రూం మేస్త్రీ చెప్పిన రేటుకి ఎంత దగ్గరో!

మా పక్క షాపతను ఇది చదివితే "వాళ్లకి ఇప్పటికే అన్నీ ఫ్రీ" అంటాడు. అనుకోనీ. రూపాయికి ఇచ్చిన ఇల్లు ఫ్రీ కాదా? తాళం వేసుండి కిటికీ అద్దాలు పగిలిపోతే ఆ డబ్బు ఎవరిది? నేననేది, కట్టిన టిడ్కో బ్లాకుల్లో ఇంకా ఎవరికీ ఇవ్వని కింది అంతస్తు ఇళ్లు కొన్ని కార్పొరేషన్ తన పేరు మీదే ఉంచుకోవాలి. అమ్మొద్దు, రాసివ్వొద్దు. ఆదాయంలో 30 శాతం అద్దెకివ్వాలి. రిపేర్లకు విడిగా ఖాతా ఉండాలి, ఎందుకంటే ఇవాళ మోటారు కాలిపోతే ఎవరి వాటా ఎంతని వారం కొట్టుకునే కాలనీలు నాకు తెలుసు. అది చాలదు గనక, నాలాంటి ఒక పోర్షన్ ఓనర్లకు ర్యాంపుకీ బాత్రూంకీ డబ్బిచ్చి, బదులుగా ఐదేళ్లు అద్దె పెంచకుండా దివ్యాంగుల కుటుంబానికే ఇవ్వాలని రాయించుకోవాలి. కొత్త కాలనీ కట్టేదానికంటే ఇది త్వరగా అవుతుంది, వాళ్లకు ఊరు మధ్యలోనే ఇల్లు దొరుకుతుంది.

పోయిన సోమవారం అతను మళ్లీ షాపుకొచ్చాడు, ఇంటి స్థలం అర్జీకే. దాచిపెట్టుకున్న వాక్యం తెరిచి పేరు కొట్టాను. చిరునామా దగ్గర ఆగి అడిగితే, "అది ఖాళీగా ఉంచన్నా, పెన్నుతో రాసుకుంటాలే. ఈ నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు" అన్నాడు. రెండేళ్లలో ఇది నాలుగో ఇల్లట. ఇరవై రూపాయలు ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

మెడికల్ రెప్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, వచ్చే నెల ఖాళీ చేస్తున్నాడు. వేదాయపాళెం చుట్టుపక్కల నలభై వేలకంటే తక్కువలో బాత్రూం పని చేసిపెట్టే మేస్త్రీ ఎవరైనా తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. తలుపు కనీసం మూడడుగులు రావాలి.