మహారాజశ్రీ చలిమంట గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చలిమంట గారి సముఖానికి,

పల్లెల్లో ఎకరాల కొద్దీ స్థలం ఉన్న కుటుంబాల తరఫున నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా: శీతకాలం సెలవుల్లో పిల్లాపెద్దా ఆరుబయట గడపాలని ఎవరు ఏ పథకం వేసినా, అందులో చిట్టచివరి అంశంగా పేరు రాయించుకున్న తమరు, పొద్దుగూకేసరికి పథకాన్నంతా మింగి కూర్చుంటున్నారు. గట్ల వెంట నడక, చెట్ల మధ్య దాగుడుమూతలు, పక్షులను గుర్తుపట్టే పందెం, చుక్కల లెక్క అన్నీ కాగితం మీద ఉంటాయి. తీరా చూస్తే అంత నేలా ఖాళీగా పడి ఉండగా, ఇంటిల్లిపాదీ తమరి చుట్టూ మోకాళ్ళు ముడుచుకొని చేరతారు. ఆ కాగితం కూడా చివరికి తమరిని రాజేయడానికే పనికొస్తుంది.

ఇంత ఆదరణ పొంది తమరు చేస్తున్న సేవ మాత్రం సగమే. తమరు వేడెక్కించిన గాలి నేరుగా పైకి పోతుంది. మాకు దక్కేది తమరి నుంచి సూటిగా వచ్చి తాకే వేడి ఒక్కటే కనుక మొహం మాడుతుంది, వీపు వణుకుతుంది. పొగ సంగతి వేరే చెప్పాలి. తమరు నలువైపుల నుంచీ గాలి పీల్చుకుంటారు. ఎవరు అడ్డంగా కూర్చుంటే ఆ వైపు గాలి తగ్గి, పొగ వారి మీదికే మళ్లుతుంది. కట్టెలో తేమ 20 శాతం దాటితే తమరి ప్రతాపంలో కొంత భాగం నీళ్లు ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కట్టెను చీల్చి నెలల తరబడి ఆరబెట్టకపోవడం మా తప్పే అంటారా, ఒప్పుకుంటాం; కళ్లు మండేదీ మాకే కదా.

అసలు ఫిర్యాదు ఆకాశం గురించి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తమరి వైపు ఒక్క చూపు చూస్తే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తాతగారు వేలు పెట్టి ఎర్రటి ఆర్ద్రను చూపిస్తారు. తల తిప్పిన మనవడికి అక్కడ ఏమీ కనిపించదు. కృత్తికల్లో ఆరు చుక్కలా ఏడా అన్న పోటీ పెట్టుకుంటే అసలు గుంపే కనిపించదు. సిరియస్ అనే నక్షత్రం వెలుగు మనదాకా రావడానికి సుమారు 8.6 ఏళ్లు పడుతుందనీ, ఎనిమిదేళ్ల పిల్ల చూస్తున్న ఆ వెలుగు తను పుట్టకముందే బయలుదేరిందనీ చెబితే పిల్లలు నోళ్లు తెరుచుకొని వింటారు. అయితే ఆ మాట చెప్పే సమయానికే తమరు ఒక కట్టెను ఫెళ్లుమనిపిస్తారు. ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా రాలతాయి. 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం విడిచిన ధూళి అది. చాలా ఉల్కాపాతాలలా తెల్లవారుజాము దాకా ఆగనక్కర్లేకుండా రాత్రి తొమ్మిది, పది గంటలకే మొదలవుతుంది కనుక పిల్లలకు అనువైనది. ఆ రాత్రి తమరి సమక్షంలో మా చిన్నవాళ్లు లెక్కపెట్టినవన్నీ తమరి నిప్పురవ్వలే.

చెవులనూ తమరు వదలలేదు. గాలి లేని నిర్మలమైన చలి రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి పొరలుగా నిలుస్తాయి. అప్పుడు శబ్దం కిందికి వంగి చాలా దూరం ప్రయాణిస్తుంది. టార్చి ఆర్పి, మాట్లాడకుండా నడిచి, ఎవరికి ఎన్ని శబ్దాలు వినిపించాయో లెక్క తేల్చుకోవడం పైసా ఖర్చు లేని ఆట. ఇక తెల్లవారుజామున మంచు పట్టిన గడ్డి మీద కుందేలో నక్కో నడిచిన జాడ ఎండ రాగానే చెరిగిపోతుంది; తమరి దగ్గర అర్ధరాత్రి దాకా కూర్చున్నవాళ్లు ఆ వేళకు లేస్తారా? హిమం కురిసే చోట జారుడుబండి ఉన్నా, 10 సెంటీమీటర్లకు పైగా మందాన గడ్డకట్టిన చెరువు ఉన్నా, అక్కడా ఒడ్డున సింహాసనం తమరిదే.

కనుక మా షరతులు ఇవి. నడకా చుక్కలూ ముగిసి, చేతులు కొంకర్లు పోయాకే తమరిని వెలిగిస్తాం. గడ్డివాముకూ కొమ్మలకూ దూరంగా, పక్కన నీళ్ల బకెట్టుతో కొలువు తీర్చాలి. నిద్రకు వెళ్లేముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి వేడి లేదని తేలేదాకా మళ్లీ నీళ్లు పోస్తాం. గౌరవభంగం అనుకోవద్దు, బూడిద కింద తెల్లారేదాకా నిప్పు దాచుకునే అలవాటు తమరికి ఉంది.

ఇట్లు,
ముందు కాలి, వెనక గడ్డకట్టిన
తమ విధేయులు