సెలైన్ సీసాకు అవమానం జరుగుతున్నది

బీపీ పడిపోయి, చేతులూ కాళ్ళూ చల్లబడి, షాక్‌లో ఉన్న రోగి ఐసీయూకు రాగానే మంచం పక్కకు ఎకో యంత్రాన్ని తోసుకొచ్చి గుండె ఎలా కొట్టుకుంటున్నదో చూడాలని కొందరు యువ వైద్యులు పట్టుబట్టడం ఈ మధ్య మితిమీరుతున్నది. బీపీ తగ్గితే ఒక సెలైన్ సీసా, అయినా పెరగకపోతే ఇంకొకటి అనే మన నిశ్చింతను చెడగొట్టడానికే ఈ యంత్రం పుట్టింది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే వైద్యుడూ, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్తా ధ్వని తరంగాలతో లోహాల్లో పగుళ్ళు పట్టే పరికరాన్ని నౌకానిర్మాణశాల నుంచి ఎరువు తెచ్చి మొదలుపెట్టిన నిర్వాకమిది.

గుండె కింది గదుల్లో ఎడమదైన ఎడమ జఠరిక నీరసంగా కదులుతుంటే ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తుల్లోకి చేరుతుందనీ, గుండె చుట్టూ నీరు నిండి కుడి గదులను నొక్కుతుంటే సూదితో తీయాలనీ, కుడి జఠరిక ఉబ్బి ఎడమదాన్ని నెడుతుంటే ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ ఉందేమో అనుమానించాలనీ, జఠరిక ఖాళీగా ఉండి గోడలు ఒకదానికొకటి తాకుతుంటేనే సీసా వేలాడదీయాలనీ ఆ యంత్రం చెబుతుందట. ఒక్క బీపీకి ఇన్ని వైద్యాలా! ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్టిక్ షాక్‌కు మార్గదర్శకాలు కిలోకు 30 మిల్లీలీటర్లన్నాయి గనుక, అరవై కిలోల మనిషికి 1800 మిల్లీలీటర్లని గుణించడం వస్తే చాలును. ఆ తరువాత ఎంత ఇవ్వాలో ఎకో వంటివాటితో తేల్చుకోమని కూడా అవే సూచిస్తున్నాయిగానీ, మనం అంతదూరం చదవము. వెంటిలేటరు మీద ఉన్నవారికి సైతం గుండెకు రక్తం తెచ్చే ఐవీసీ అనే పెద్ద సిర ఒక్కదాన్నే చూసి సెలైన్ లెక్క తేల్చేవారు మన పక్షమే, వారిని నొప్పించరాదు.

తప్పనిసరైతే పద్ధతిగా చేద్దాం. బీపీ పెంచే నోరాడ్ మందు పంపు, ఆక్సిజన్ సిలిండర్, ఇద్దరు సిస్టర్లతో సహా రోగిని లిఫ్టులో కింది అంతస్తు ఎకో గదికి దింపి, “గుడ్ ఎల్వీ ఫంక్షన్, నో ఆర్‌డబ్ల్యూఎంఏ, నో పీఈ, నో క్లాట్” (ఎడమ జఠరిక భేషు, గోడల కదలికలో లోపం లేదు, గుండె చుట్టూ నీరు లేదు, గడ్డ లేదు) అని ముందే అచ్చైన కాగితం మీద సంతకం తీసుకుని పైకి తెద్దాం. అప్పటికి జబ్బు మారిపోయినా, నివేదిక మారదు.

ఇక పొట్టకూ పనికొచ్చే పోర్టబుల్ యంత్రమైతే, డెబ్బై ఏళ్ళ తాత గుండె చూడడానికే కొన్నా, 1994 నాటి గర్భస్థ శిశువు లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరు కావాలి. చట్టం మంచిదే, యాజమాన్యానికి మరీ మంచిది: చట్టం పేరు చెప్పి యంత్రాన్ని బీరువాలో పెట్టవచ్చు. తాళంచెవి ఉదయం తొమ్మిదికి వచ్చే టెక్నీషియన్ దగ్గరే ఉంచాలనీ, రాత్రి రెండింటికి షాక్‌లోకి వెళ్ళే రోగులు ఈ వేళలను గమనించి నడుచుకోవాలనీ మనవి.